తాత పెంచిన టేకు

పోయిన వారం హిజ్లీ క్యాంపస్ రోడ్డు మీద సైకిల్ ఆపి నీళ్ళు తాగుతుంటే, హాస్టల్ కుర్రాళ్ళిద్దరు పక్కనున్న చెట్టుకు ఫోను చూపించారు. ఫోను ఒక్క క్షణం ఆగి పేరు చెప్పేసింది. "గామార్," అని ఒకడు చదివాడు. "అచ్ఛా," అన్నాడు రెండోవాడు. ఇద్దరూ ముందుకు సాగిపోయారు. ఫోను తప్పేమీ చెప్పలేదు. అయినా నేను వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగి, చుట్టూ ఒకసారి చూసుకుని, రాలిన ఆకొకటి తీశాను. తమలపాకులా గుండె ఆకారం, పొడుగాటి కాడ. తిరగేసి వెనకవైపు బొటనవేలితో రాశాను. పాత దుప్పటి అంచులా మెత్తగా తగిలింది. కాడ వచ్చి కలిసే చోట ఆవగింజల్లాంటి రెండు బొడిపెలు ఉన్నాయి. అప్పుడుగానీ నాకు నమ్మకం కుదరలేదు. నేను ఇక్కడ ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. రోజంతా కాగితాలతో తప్ప మనుషులతో పెద్దగా పని ఉండదు, అది నాకు బాగానే ఉంటుంది. సైకిల్ ఎక్కాక కూడా ఆ ఆకు నా చేతిలోనే ఉంది. ఇంటికి వచ్చి డైరీ తెరిస్తే ఆఫీసు మాటలేవీ రాలేదు, తాత వచ్చాడు.

మేము ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళోనే, ఖరిదా అనే పేటలో ఉండేవాళ్ళం. రైల్వే క్వార్టర్ ఖాళీ చేశాక తాత కట్టుకున్న చిన్న ఇల్లది. ముందు వరండా, రెండు గదులు, వెనక ఎర్రమట్టి పెరడు. పొద్దున్నే ఆ ఇంట్లో రెండు వాసనలు కలిసేవి. మా వంటింట్లోంచి నాన్నమ్మ వేసే ఇంగువ పోపు, గోడవతలి బెంగాలీ ఇంట్లోంచి కాగుతున్న ఆవనూనె. వాటికి అడుగున, ఎప్పుడూ ఉండే మూడో వాసన తాతది. తాత రైల్వే వర్క్‌షాపులో, రైలు పెట్టెల చెక్కపని చేసే వుడ్‌షాపులో వడ్రంగి. రిటైరై ఏళ్ళు గడిచినా ఆయన చొక్కా విదిలిస్తే రంపపు పొట్టు వాసన వచ్చేది. వర్క్‌షాపు సైరన్ కూసేసరికి స్నానం ముగించి, ఖాకీ చొక్కా తొడుక్కుని, బకెట్టు పట్టుకుని పెరట్లోకి నడిచేవాడు. "డూటీకెల్తన్నాను," అని వంటింటి కిటికీ దగ్గర చెప్పి మరీ వెళ్ళేవాడు. "ఓవర్ టైం సెయ్యకండి, టీ సల్లారిపోతాది," అనేది నాన్నమ్మ. ఆ డ్యూటీ పెరటి మూలనున్న టేకు చెట్టుకు నీళ్ళు పొయ్యడం.

తాతకు కలప తెలిసినట్టు నాకు తెలిసిన ఏ మనిషికీ ఏ వస్తువూ తెలియదు. సాయంత్రాలు ఖరిదా బజారులో టీ కొట్టు దగ్గర వుడ్‌షాపు ముసలివాళ్ళు కూడేవారు. సాల్ ఆకు దొప్పల్లో వేడి ఘుగ్ని, అదే బఠానీల కూర, తింటూ ఒక ఆట ఆడేవాళ్ళు. ఒకడు జేబులో చెక్క ముక్క తెస్తాడు. రెండోవాడు కళ్ళు మూసుకుని దాన్ని వాసన చూసి, గోరుతో గీరి, నాలిక చివర పెట్టి అది ఏ కలపో చెప్పాలి. తప్పు చెప్పినవాడిని మర్నాటి సాయంత్రం దాకా అందరూ 'ప్లైవుడ్' అని పిలుస్తారు. వాళ్ళలో దానికి మించిన తిట్టు లేదు. తాతను ఒక్కసారి కూడా ఎవరూ ప్లైవుడ్ అనలేదు. అప్పన్న తాత అని, పెద్ద రంపానికి అటు చివర పట్టుకుని మా తాతతో జోడీగా పనిచేసిన ఆయన, ఓడించాలని ఎక్కడెక్కడివో ముక్కలు తెచ్చేవాడు. ఒకసారి పాత హార్మోనియం పెట్టెను విరగ్గొట్టి ముక్క తెచ్చాడు.

"కళ్ళు మూసుకోరా. దొంగసూపు సూడకు."

"నా ముక్కుకి కళ్ళెందుకురా," అన్నాడు తాత. ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. "టేకు. తోలు సంచిలో నూనె ఒలికినట్టు నేదూ? బర్మాది. మీ ఇంట్లో ఏదో ఇరగ్గొట్టినావు, మీ ఆడది నిన్ను ఇంట్లోకి రానిస్తాదేటి?"

ఇదంతా నేను బల్ల చివర కూర్చుని వినేదాన్ని. నాతో ఎవరూ మాట్లాడకుండా, నన్ను ఎవరూ పొమ్మనకుండా ఉండే చోటు నాకు అదొక్కటే. అలా వింటూ ఒక విచిత్రం కనిపెట్టాను. వాళ్ళలో ఎవరికీ చెట్లు తెలియవు. వాళ్ళ చేతికి వచ్చేసరికే చెట్టు దుంగై, పలకై, నంబరు వేయించుకుని వచ్చేది. కొమ్మల్ని, ఆకుల్ని, పువ్వుల్ని వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ పడలేదు. తాత గుర్తుపట్టగలిగిన ఆకు ఘుగ్ని తిన్న దొప్ప ఒక్కటే.

పెరట్లో టేకు అలాంటి మనిషి నాటిందే. ఇల్లు కట్టిన ఏడు వారపు సంతలో ఒక మొక్కలవాడు విశాలమైన ఆకులున్న మొలకను చూపించి టేకు అన్నాడట. తాత మారుమాట లేకుండా తెచ్చి నాటాడు. జీవితమంతా టేకు కోసి, చిత్రిక పట్టి, కిటికీ రెక్కలు చేసి రైళ్ళకు బిగించినవాడికి సొంత ఇంటికి సింహద్వారం మామిడి చెక్కతో పెట్టుకోవాల్సి వచ్చింది. అది ఆయనకు ముల్లులా ఉండేది. ఈ చెట్టు పెరిగాక దీనితో తలుపులు చేయిస్తానని చుట్టాలకు, పక్కింటివాళ్ళకు, పేరు కూడా లేని చిల్లర కొట్లవాళ్ళకు, అందరికీ చెప్పాడు. చెట్టు కూడా ఆయన మాట విన్నట్టే జరజరా పెరిగింది. "టేకు ఇంత బేగి పెరగడం నాను ఇన్నేదురా," అన్నాడు అప్పన్న తాత ఒకరోజు కిందినుంచి పైకి చూస్తూ. "సెయ్యి సలవ," అన్నాడు మా తాత.

నేను హైస్కూల్లో ఉండగా వానాకాలంలో మా సైన్సు దీదీమణి, అంటే టీచరమ్మ, ఊళ్ళోని చెట్ల ఆకులు సేకరించి పేర్లు రాసి తెమ్మంది. అందరి ముందు నిలబడి మాట్లాడక్కర్లేని పని కాబట్టి ప్రాణం పెట్టి చేశాను. లైబ్రరీలోంచి చెట్ల పుస్తకం తెచ్చుకున్నాను. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా వచ్చాయా, ఒకటి విడిచి ఒకటి వచ్చాయా. అంచు నున్నగా ఉందా, రంపపు పళ్ళలా ఉందా. ఒకే ఆకా, లేక వేపలా ఈనెకు రెండువైపులా చిన్న ఆకులా. బెరడు పగిలిందా, పొరలుగా ఊడుతోందా. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గుమ్మం తెరుచుకుంటూ చివరికి ఒక పేరు దగ్గర నిలబడ్డం నాకు భలే నచ్చింది. టేకు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం చూడకుండానే పెరట్లోంచి లేత ఆకు తెంపాను. లేత టేకాకు అరచేతిలో నలిపితే ఎర్రగా రక్తంలా అంటుకుంటుందని పుస్తకంలో రాసి ఉంది. నలిపాను. పచ్చ రసమే వచ్చింది. ఇంకొకటి నలిపాను, అదీ అంతే. మర్నాడు బడి నుంచి వస్తూ, ఆఫీసర్ల బంగళాల వైపు వెళ్ళే రోడ్డులో వానల్లో తెల్లగా పూతపట్టే చెట్టు కింద ఆగాను. దాని ఆకు చేటంత ఉంది, గరుకు కాగితంలా ఉంది, కాడ పొట్టిగా ఉంది. నలిపితే చెయ్యి ఎర్రబడింది. మా పెరటి చెట్టు వానల్లో ఎన్నడూ పూయలేదు. దానికి మాఘం వెళ్ళాక, ఆకులన్నీ రాలి బోసిపోయిన కొమ్మల మీద, పసుపూ గోధుమా కలిసిన గంటల్లాంటి పువ్వులు వచ్చేవి. పుస్తకంలో అన్ని గుమ్మాలూ దాటి చేరిన పేరు గామార్.

వంటింట్లో నాన్నమ్మ చింతపండు పిసుకుతుంటే పక్కన కూర్చుని, ఎర్రబడ్డ చెయ్యి చూపించి, సంగతంతా చెప్పాను. నాన్నమ్మ పిప్పి తీసి పక్కన పెట్టింది.

"నాకు టేకయితేటి, గీకయితేటి. దాని నీడన బట్టలారేసుకుంటన్నాను," అంది. తరవాత గొంతు తగ్గించి, "మీ తాతకి సెప్పకే సిట్టీ. రిటైరయినాక ఆరు నెలలు గోడకేసి తిరిగి పడుకున్నాడు. నువ్వప్పటికి పుట్నేదు. ఆ మొక్క వచ్చినాకే లేచినాడు. సైరన్ కూసినాక మనిషికి ఎక్కడికో ఎల్లాల కదా. దాని పేరు తీసేస్తే ఆయనకేటి మిగుల్తాది?" అంది.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అలవాటైన పనే. ఆకులు అతికించిన పుస్తకంలో ఆ ఆకు కింద పేరు రాయకుండా ఖాళీ వదిలి బడిలో ఇచ్చాను. కానీ చెట్టు ఊరుకోదుగా. ఆ తరవాతి వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఆకాశం నీలిసిరా రంగుకు తిరిగి, కాలబైశాఖి గాలి వచ్చింది. రేకులు ఎగిరాయి, మామిడికాయలు రాళ్ళలా పడ్డాయి, మా చెట్టు నడుం ఎత్తున విరిగి పెరటి గోడ మీద పడింది. వాన వెలిశాక తాత దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. విరిగిన చోట చెక్క పాలిపోయి ఉంది. వంగి, చాలాసేపు వాసన చూశాడు. నాన్నమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "తడిసిన కర్ర వాసన నమ్మకూడదు. ఆరాల, కొయ్యాల, అప్పుడు సెప్తాది," అని లేచాడు. దుంగను రిక్షాబండి మీద బిశూ కాకా రంపపు మిల్లుకు తోలించాడు. బిశూ కాకా బెంగాలీవాడు, వుడ్‌షాపువాళ్ళందరికీ పాత స్నేహితుడు. అది ఆరేదాకా తాత టీ కొట్టులో అందరినీ పిలవడమే పనిగా పెట్టుకున్నాడు. "టేకు కోత సూడ్డానికి రండి. ఈ ఊళ్ళో ఇంటి పెరట్లో పెరిగిన టేకు ఎవడు కోసినాడు?"

కోత మర్నాటికి పడింది. అందరి మధ్య, ఆ ముసలివాళ్ళ మధ్య, తాత మొహం ఎలా మారుతుందో ముందే కనిపిస్తోంది. సాయంత్రం వరండాలో కూర్చున్న ఆయన దగ్గరకు వెళ్ళి, రెండు ఆకులు ఒళ్ళో పెట్టాను. ఒకటి నేను నొక్కి దాచిన టేకాకు. ఇంకొకటి మా మోడు నుంచి కొత్తగా చిగిర్చింది.

తాత ముందు ఎండు ఆకు తీసుకున్నాడు. వేళ్ళతో నిమిరి, మంచం కోడు మీద రుద్ది చూశాడు. "ఇది సాండ్ పేపరు కదేటే! ఎక్కడిదీ?"

"టేకుది తాతా."

"మరిదీ?"

"మన చెట్టుది."

రెండోదాన్ని తిప్పి తిప్పి చూశాడు. మెత్తటి వెనకవైపు బొటనవేలితో రెండు మూడు సార్లు రాశాడు. చదువు రానివాడు ఉత్తరం పట్టుకున్నట్టు ఉంది ఆయన పట్టుకున్న తీరు. "ఆకుదేటుందే. ఒకో చోట ఒకోలాగ కాస్తాదేమో. సెక్క సెప్పాల," అని రెండూ నాకు తిరిగి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం టీ కొట్టుకు మాత్రం వెళ్ళలేదు.

మర్నాడు మిల్లులో అందరూ ఉన్నారు. అప్పన్న తాత ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బిశూ కాకా దుంగను పట్టాల బండి మీద సర్ది రంపం నడిపాడు. పొట్టు గాల్లోకి లేచింది. బంగారు గోధుమ రంగులో ఉండాల్సిన పొట్టు వెన్న రంగులో ఉంది. మొదటి పలక విడి పడగానే బిశూ కాకా దాన్ని ఒక్క చేత్తో ఎత్తి, "దాదా, ఏ తో బహుత్ హల్కా హై," ఇది మరీ తేలిగ్గా ఉందే అన్నాడు. అప్పన్న తాత గుప్పెడు పొట్టు తీసి వాసన చూశాడు. ఏ వాసనా లేకపోవడమే ఆయనకు అంతా చెప్పేసిందని నాకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా మా తాతను ఓడించాలని చూసిన మనిషి, చేతికి వచ్చిన గెలుపును పొట్టుతో పాటు కింద రాల్చేశాడు.

"కుర్ర సెట్టు కదరా. కర్ర లోపల ఇంకా సేవ పట్నేదు. సేవ పట్టని టేకు ఇలాగే తెల్లగుంటాది. టేకే, టేకే," అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. తాత కూడా తలూపితే చాలు, ఇక ఆ మాట ఎవరూ ఎత్తరు. నేను ఊపమనే దేవుణ్ణి వేడుకున్నాను.

తాత పలక అందుకున్నాడు. గోరుతో గీరాడు. నాలిక చివర పెట్టాడు. వెలుతురు వైపు వంచితే చెక్క మీద పట్టుబట్టలాంటి మెరుపు అటు నుంచి ఇటు పాకింది. పలకను నెమ్మదిగా బండి మీద పెట్టాడు.

"గామార్," అన్నాడు. "టేకు కాదు."

బిశూ కాకా రంపం ఆపాడు.

"సిన్న సెట్టయినా టేకు టేకే, దాని నూనె దానికుంటాది. ఇది గామార్. టేకు కాదని మా సిట్టి నిన్న సాయంత్రమే సెప్పినాది. ఆకు సూసి సెప్పినాది. నానే ఇన్నేదు." అందరూ నావైపు తిరిగారు. దుంగల వెనక్కి తప్పుకోబోయాను గానీ తాత నా జబ్బ పట్టుకున్నాడు. "ఇయ్యాల ప్లైవుడ్ నానే. పిలవండి మరి."

అప్పన్న తాతే మా తాత భుజం మీద చరిచాడు. "ఒరే ప్లైవుడ్డూ! మరి తలుపుల సంగతేట్రా?"

మిల్లంతా నవ్వు. అందరికంటే గట్టిగా తాతే నవ్వాడు. "గామార్ తలుపు వానకి ఉబ్బదు, ఎండకి వంకర తిరగదు. నీ బుర్ర కంటే నయం," అన్నాడు.

ఇంటికి నడిచి వచ్చాం. దారిలో నాకు తాత మొహం చూడాలంటే బెదురు. పాత లైను క్వార్టర్ల దగ్గర ఆయన ఉన్నట్టుండి ఆగి, ఒక చెట్టు వైపు గెడ్డం ఎత్తి, "ఇదేటి?" అన్నాడు. చిన్న చిన్న గుండ్రటి ఆకులు, ప్రతిదానికీ సన్నటి కొస, ఈనె నిటారుగా లేకుండా వంకరటింకరగా సాగింది. శీశం, ఇక్కడివాళ్ళు శిశు అంటారని చెప్పాను. తాత చెట్టు దగ్గరకు వెళ్ళి బెరడు మీద అరచెయ్యి ఆనించాడు. "నువ్వా!" అన్నాడు దానితో. "నిన్నెన్ని కోసినానే. నీ ఒళ్ళంతా నాకు తెలుసు, మొగం మాత్రం సూళ్ళేదు." డ్యూటీకి వెళ్ళినన్నాళ్ళూ రోజూ ఆ చెట్టు పక్కనుంచే సైకిల్ మీద వెళ్ళాడాయన. ఆ తరవాత నేరేడు, ఆ తరవాత తెల్లమద్ది. నేను ఆకు చెబితే ఆయన దాని చెక్క చెప్పేవాడు. ఏది బరువు, ఏది మేకును బిగించి పట్టుకుంటుంది, ఏది కోసేటప్పుడు తుమ్ములు తెప్పిస్తుంది. నా పుస్తకంలో ఇవేవీ లేవు. నాకు చెట్టు బెరడు దగ్గర ఆగిపోయేది, ఆయనకు బెరడు లోపల మొదలయ్యేది.

ఇప్పుడు రైలు పెట్టెల్లో చెక్క కనిపించదు. తాత పోయాడు, అప్పన్న తాత కూడా పోయాడు. ఆ టీ కొట్టు చోట మొబైల్ రీఛార్జి దుకాణం ఉంది. గామార్ తలుపులు మాత్రం ఖరిదా ఇంటికి ఉన్నాయి, నిజంగానే ఏ వానకూ ఉబ్బలేదు. ఫోను పేరు చెప్పి ఊరుకుంటుందని దాని మీద నాకు కోపమేమీ లేదు. నేనూ ఒకప్పుడు పేరు దగ్గరే ఆగిపోయినదాన్ని. పేరు తెలిశాక ఆగి, చెయ్యి పెట్టి పలకరించాలని నాకు తెలిసింది తప్పు పేరుతో ఒక చెట్టును అంత ప్రేమగా పెంచిన మనిషి వల్ల.

ఆ రోజు మేము ఇల్లు చేరేసరికి నాన్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కోత ఎప్పుడో ముగిసి ఉంటుందని ఆమెకు తెలుసు. ఇంత ఆలస్యమెందుకైందో తెలియదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"టేకేనా?" అంది మెల్లగా.

ఏ ప్రశ్నకైనా తానే జవాబు చెప్పే తాత, నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పు."

"గామార్, నాన్నమ్మా," అన్నాను.

నాన్నమ్మ నన్ను కాదు, తాతను చూసింది. "మరి ఊరంతా టేకని సెప్పుకొచ్చినారు. ఇప్పుడేటి సేస్తారు?"

"ఊరంతా మళ్ళీ తిరిగి సెప్తాను," అన్నాడు తాత చెప్పులు విడుస్తూ. "రేపు సైరన్ కూసినాక బయల్దేరతాం. ఆకు సంగతి ఇది సెప్తాది, సెక్క సంగతి నాను సెప్తాను. బోల్డు పనుంది."

నాన్నమ్మ కాళ్ళు కడుక్కోమని చెంబు అందించి, పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఊరంతా అంటే ఎంతమందితో మాట్లాడాలో లెక్కపెట్టబోయి సగంలో ఆపేశాను. అయినా మర్నాడు సైరన్ కంటే ముందే లేచాను.